క్రిప్టో బేరానికి ‘ఆటో స్టార్టరు’! రిలే ఎక్కడ పెట్టాలో తెలియకే తంటా

బోరు బావికి ఆటో స్టార్టరు బిగించుకున్న రైతు అర్ధరాత్రి కరెంటు కోసం లేచి పొలానికి పరుగెత్తనవసరం లేదు. కరెంటు రాగానే మోటారు దానంతట అదే తిరుగుతుంది. అయితే బోరులో నీరు అడుగంటిన సంగతి స్టార్టరుకు తెలియదు. నీరు లేనప్పుడు ఆపే ఏర్పాటు లేకపోయినా, ఓవర్‌లోడ్ రిలేను సరైన ఆంపియర్ల వద్ద పెట్టకపోయినా తెల్లవారేసరికి వైండింగు మాడి కూర్చుంటుంది. సెల్‌ఫోన్లలోనూ, లాప్‌టాపుల్లోనూ కొందరు యువకులు నడుపుతున్న ‘క్రిప్టో బాట్’ వ్యవహారం కూడా అచ్చంగా ఇలాంటిదే.

బాట్ అంటే మనిషికి బదులుగా బేరం చేసే ప్రోగ్రాము. షేర్ల బజారుకు మధ్యాహ్నం మూడున్నరకు తాళం పడుతుంది, ఆదివారం సెలవు వుంటుంది. 2009లో పుట్టిన బిట్‌కాయినుకు గానీ, దాని వెనుక వచ్చిన వేలాది కాయిన్లకు గానీ ఆదివారమూ లేదు, పండుగా లేదు. ఇరవై నాలుగు గంటలూ కొనుగోళ్లు, అమ్మకాలు సాగుతూనే వుంటాయి. మనిషి నిద్రపోక తప్పదు కనుక, ‘ఇంతకు పడితే కొను, ఇంతకు పెరిగితే అమ్ము’ అని రాసిపెట్టి బాటుకు అప్పగిస్తారు. ఆ రాసిపెట్టినవే సెట్టింగులు.

బాట్ చాలా తెలివిగలదనీ, బజారు పోకడ ముందుగా పసిగడుతుందనీ పలువురిలో భ్రమ వున్నది. దానికున్న తెలివల్లా సెట్టింగుల కాగితంలో వున్నంతే. ‘ఫ్రీక్‌ట్రేడ్’ అనే బాటును ఎవరైనా పైసా చెల్లించకుండా దింపుకోవచ్చు. దాని సెట్టింగులన్నీ ఒక్క ఫైలులో వుంటాయి. ఒక్కో బేరానికి ఎంత సొమ్ము పెట్టాలి, ఒకేసారి ఎన్ని బేరాలు తెరిచి వుంచాలి, ఎంత లాభానికి అమ్మాలి, ఎంత నష్టానికి వదిలించుకోవాలి, ధరను అయిదు నిమిషాలకోసారి చూడాలా, రోజుకోసారి చూడాలా అన్నవే ముఖ్యమైనవి. కోరిక ఎవరిదైనా, అంకె తప్పు పడితే బాట్ ఆ తప్పు అంకెనే శిరసావహిస్తుంది. స్టాప్‌లాస్ వద్ద మైనస్ సున్నా పాయింటు ఒకటి అని రాస్తే పది శాతం నష్టానికి అమ్ముతుంది. చేయి జారి మధ్యలో ఇంకొక సున్నా చేర్చితే ఒక్క శాతానికే అమ్మేస్తుంది. క్రిప్టో ధరలు గంటలో ఒక శాతం ఊగడం మామూలే కాబట్టి, కొన్న ప్రతిదీ నష్టానికి పోతుంది.

పది వేలు, వంద అమ్మకాలు

సెట్టింగులన్నింటిలో మనవాళ్లు అతి తక్కువగా ఆలోచించేది బేరాల సంఖ్య గురించి. నిజానికి మన దేశంలో మొట్టమొదట చూడవలసింది అదే.

ఎక్కువమందిని ఆకర్షిస్తున్నది ‘గ్రిడ్’ పద్ధతి. ఒక కాయిన్ ధర 90 రూపాయలకు, 110 రూపాయలకు మధ్య ఊగుతుందనుకుందాం. రూపాయికొక మెట్టు కడతారు. ధర ఒక మెట్టు దిగితే బాట్ కొంటుంది, ఎక్కితే అమ్ముతుంది. రూ. 99కి కొని రూ. 100కి అమ్మితే రూపాయి లాభం. రోజుకు పదిసార్లు జరిగితే పది రూపాయలు. వినడానికి బాగానే వుంది. ఇక ఖర్చులు చూద్దాం. ఎక్స్ఛేంజి ఫీజు కొనేటప్పుడు, అమ్మేటప్పుడు 0.2 శాతం చొప్పున అనుకున్నా రెండూ కలిసి 40 పైసలు. ఆ ఫీజు మీద జి.ఎస్.టి. వేరు. దీనికితోడు 2022 జూలై 1 నుంచి అమలవుతున్న నిబంధన ప్రకారం అమ్మిన సొమ్ములో ఒక శాతం టి.డి.ఎస్. కింద కోత పడుతుంది. అంటే ఇంకొక రూపాయి. వెరసి చేతినుంచి పోయినది రూ. 99.20, చేతికి వచ్చినది రూ. 98.80. లాభానికి అమ్మిన తర్వాత కూడా జేబులో ముందున్నంత లేదు!

టి.డి.ఎస్. పోయే సొమ్ము కాదు, సంవత్సరాంతంలో రిటర్ను వేసినప్పుడు పన్నులో సర్దుబాటు అవుతుంది, మిగిలితే వాపసు వస్తుంది అన్న మాట నిజమే. కానీ అందాకా అది బాట్ చేతిలో వుండదు. రూ. 10,000/-లతో మొదలుపెట్టిన కుర్రాడు మొత్తం సొమ్మును వంద సార్లు తిప్పి అమ్మాడనుకుందాం. ధర పెరగలేదు, తగ్గలేదు, ఫీజు కూడా లేదనుకున్నా సరే, ఒక్కొక్క శాతమూ కోసుకుపోగా చివరకు అతని చేతిలో మిగిలేది సుమారు రూ. 3,660/-లు. మిగతా రూ. 6,340/-లు పన్ను ఖాతాలో జమ. అయిదు నిమిషాలకోసారి ధర చూసే బాటుకు వంద అమ్మకాలంటే పెద్ద లెక్కేమీ కాదు.

చిన్నవారికి సంవత్సరానికి రూ. 50,000/-ల వరకు (కొందరికి రూ. 10,000/-ల వరకు) మినహాయింపు వుంది గదా అని అడగవచ్చు. ఆ హద్దు లాభానికి సంబంధించినది కాదు, అమ్మకాల మొత్తానికి సంబంధించినది. పది వేలను ఆరోసారి తిప్పేసరికే అది దాటిపోతుంది.

ఆదాయపు పన్ను మాట చెప్పనే లేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను, ఆ పన్నుపై 4 శాతం సెస్సు విధిస్తున్నారు. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని మరొక కాయిన్ లాభంలో తగ్గించుకునే వీలు లేదు. ఒకదానిలో అయిదు వేలు లాభం, ఇంకొకదానిలో అయిదు వేలు నష్టం వస్తే లెక్కకు మిగిలినది సున్నా. పన్ను మాత్రం రూ. 1,560/-లు. పది కాయిన్లను ఒకేసారి నడపమని బాటుకు చెప్పేవారు ఈ సంగతి గుర్తించాలి.

యూట్యూబులో చూపించే సెట్టింగులు, డబ్బు పుచ్చుకొని అమ్మే ‘రెడీమేడ్’ ఫైళ్లు చాలావరకు ఈ ఒక శాతం కోత లేని దేశాలవారు కట్టుకున్నవి. అక్కడ అర శాతం లాభానికి రోజుకు ఇరవైసార్లు అమ్మడం ఒక పద్ధతి కావచ్చు. అదే ఫైలును ఇక్కడికి తెచ్చి తిప్పడమంటే మాగాణి వరి విత్తనాన్ని మెట్ట చేలో చల్లడమే. ఇక్కడ నడపదలచినవారు ధరను రోజుకోసారి చూసే సెట్టింగు పెట్టుకొని, అమ్మకాలు నెలకు ఒకటి రెండుకు మించకుండా, లాభపు గురి పది శాతానికి పైన వుండేలా చూసుకుంటే కనీసం లెక్క నిలబడుతుంది. లాభం వస్తుందని కాదు, వస్తే కొంత మిగులుతుందని.

పోయినచోటే వెతుక్కునే బాట్

రెండో రకం బాట్ ధర పడినకొద్దీ కొంటూ పోతుంది. సగటు ధర తగ్గుతుంది కాబట్టి కాస్త పెరగగానే బయటపడవచ్చునన్నది దాని సూత్రం. ఇందులో ‘రెట్టింపు’ అనే సెట్టింగు ఒకటి వుంది. మొదట రూ. 500/-లు పెట్టి, ధర పడిన ప్రతిసారీ రెట్టింపు చేయమంటే 1,000, 2,000, 4,000, 8,000. నాలుగు మెట్లు దిగేసరికి రూ. 15,500/-లు ఇరుక్కుంటాయి. అయిదు వందలతో మొదలైన బేరం ఇది! తిరునాళ్లలో ‘లోనా బయటా’ ఆడి చేతులు కాల్చుకున్నవారికి ఈ లెక్క కొత్త కాదు.

ధర తిరిగి లేస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. 2022 మే నెల మొదట్లో ఎనభై డాలర్లకు పైన పలికిన లూనా అనే కాయిన్, పది పదిహేను రోజులు తిరగకుండానే పైసాకు కొరగాకుండా పోయింది. పడినకొద్దీ కొనమన్న బాట్ అలాంటి రోజున కొంటూనే వుంటుంది, దానికి వార్తలు తెలియవు. కొనుగోళ్ల మెట్లకు ఒక హద్దు, మొత్తం పెట్టుబడికి ఒక హద్దు పెట్టనివాడు ఈ రకం జోలికి పోకపోవడమే మంచిది. అప్పు మీద బేరం చేసే ‘లివరేజి’ సెట్టింగు ఇంకా ప్రమాదకరం. పది రెట్ల లివరేజి పెడితే ధర పది శాతం తగ్గేసరికి అసలు మొత్తం ఊడ్చుకుపోతుంది. 2025 అక్టోబరు 10న అమెరికా, చైనాల సుంకాల తగాదా వార్తకు ధరలు కూలినప్పుడు, ప్రపంచవ్యాప్తంగా ఒక్క రోజులో 1,900 కోట్ల డాలర్లకు పైగా విలువైన లివరేజి బేరాలు ఈ విధంగానే బలవంతంగా మూతపడ్డాయి.

సెట్టింగు బాగుందో లేదో పాత ధరల మీద నడిపి చూసుకునే వీలు వుంది. దీన్ని ‘బ్యాక్‌టెస్ట్’ అంటారు. అంకెలను అటూ ఇటూ జరుపుతూ పోతే ఏదో ఒక చోట బ్రహ్మాండమైన లాభం కనిపించి తీరుతుంది. పోయిన ఏడు వాన ఏ రోజున పడిందో చూసి, ఈ ఏడు సరిగ్గా అదే రోజున విత్తనం వేసినట్లు వుంటుంది ఆ వ్యవహారం. 2020 ప్రారంభంలో ఏడు వేల డాలర్లున్న బిట్‌కాయిన్ 2021 నవంబరులో 69 వేల డాలర్ల దరిదాపులకు వెళ్లింది. ఆ కాలం మీద పరీక్షిస్తే గుడ్డి సెట్టింగుకు కూడా లాభమే. 2022 నవంబరులో అదే బిట్‌కాయిన్ 16 వేల డాలర్ల దిగువకు వచ్చింది. రెండు కాలాల మీదా పరీక్షించి నిలిచినదాన్ని, మరి కొన్ని నెలలు ఉత్తుత్తి సొమ్ముతో నడిపి చూడాలి. ఫ్రీక్‌ట్రేడులో ఈ ఉత్తుత్తి నడకకు ‘డ్రై రన్’ అని పేరు. బోరు రైతుకు ఆ మాట వింటేనే గుండె దడ గానీ, ఇక్కడ మాత్రం అదే రక్ష.

కరెంటు పోతే?

స్టాప్‌లాస్ పెట్టాం కదా అని నిశ్చింతగా పడుకునేవారు తెలుసుకోవలసిన సంగతి మరొకటి వుంది. ఆ స్టాప్‌లాస్ ఎక్కడ వుంటుంది? ఫ్రీక్‌ట్రేడులో ప్రత్యేకంగా చెప్పకపోతే అది ఎక్స్ఛేంజి వద్ద వుండదు, బాట్ నడిచే కంప్యూటరులోనే వుంటుంది. కరెంటు పోయి లాప్‌టాపు ఆగినా, నెట్టు తెగినా ధర ఎంత పడుతున్నా అమ్మేవారు లేరు. స్టాప్‌లాసును ఎక్స్ఛేంజి దగ్గరే వుంచే సెట్టింగు వున్నది, దాన్ని పనిగట్టుకొని మార్చుకోవాలి. ఎక్స్ఛేంజి అందుకు వీలు కల్పిస్తున్నదో లేదో ముందుగా చూసుకోవాలి. ధర ఒక్కసారిగా కూలిన రోజున స్టాప్‌లాస్ చెప్పిన ధరకే అమ్ముడుపోతుందన్న నమ్మకం కూడా లేదు.

రిలే మాటిమాటికీ పడిపోతోందని విసిగి ఆంపియర్లు పెంచి మోటారు కాల్చుకునే రైతులున్నట్లే, స్టాప్‌లాస్ రెండు మూడుసార్లు తగలగానే దాన్ని పది శాతం నుంచి ముప్పై శాతానికి జరిపేవారున్నారు. బేరం నడుస్తుండగా ఆ అంకెను ముట్టుకోకపోవడం మేలు.

కంప్యూటరును పూర్తిగా నమ్మి దెబ్బ తినడం పల్లె కుర్రాళ్లకే పరిమితం కాదు. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే పెద్ద షేర్ల సంస్థ ఎనిమిది కంప్యూటర్లలో ఏడింటికి కొత్త ప్రోగ్రాము ఎక్కించి, ఎనిమిదోదానిలో పాతది వదిలేసింది. ముప్పావు గంటలో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయింది.

తాళం ఎవరి చేతిలో?

బాట్ మన ఖాతాలో బేరం చేయాలంటే ‘ఏ.పి.ఐ. కీ’ అనే తాళంచెవి ఇవ్వాలి. ఆ తాళం తయారుచేసేటప్పుడే ఖాతా చూడడానికి, బేరం చేయడానికి, సొమ్ము బయటికి పంపడానికి విడివిడిగా అనుమతులు అడుగుతారు. మూడోది ఎట్టి పరిస్థితులలోనూ ఇవ్వరాదు. ‘సెట్టింగులు మేమే పెట్టిస్తాం, కీ పంపండి’ అనేవారికి అసలు తాళమే ఇవ్వరాదు. 2022 డిసెంబరులో త్రీకామాస్ అనే పేరుమోసిన బాట్ సంస్థ నుంచి ఖాతాదారుల తాళాలు బయటికి పొక్కాయి, ఆ సంగతిని సంస్థ అధిపతే ఒప్పుకున్నాడు. సొమ్ము తీసే అనుమతి లేకపోయినా దొంగలు ఊరుకోరు. ఎవరూ కొనని కాయినును బాధితుల ఖాతాల చేత ఎక్కువ ధరకు కొనిపించి, తమ సరుకు అందులో అమ్ముకుంటారు. కనుక ఫలానా కంప్యూటరు చిరునామా నుంచి తప్ప తాళం పనిచేయకుండా కట్టడి చేసే సెట్టింగు కూడా వాడుకోవాలి.

చట్టం సంగతి కొంత గందరగోళంగానే నడిచింది. బ్యాంకులు ఈ వ్యాపారానికి సేవలందించరాదని రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఆదేశించగా, 2020 మార్చి 4న సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. క్రిప్టో మన దేశంలో చెలామణీ నాణెం కాదు, అలాగని కొనడం అమ్మడం నేరమూ కాదు. 2023 మార్చి నుంచి ఎక్స్ఛేంజీలను మనీ లాండరింగు నిరోధక చట్టం కిందికి తెచ్చారు. విదేశీ ఎక్స్ఛేంజిలో బేరం చేసినా ఇక్కడ నివసించేవారికి పన్ను తప్పదు.

రిటర్నులో క్రిప్టో కోసం ప్రత్యేక పట్టిక వున్నది. ఏ తేదీన కొన్నారు, ఏ తేదీన అమ్మారు, ఎంతకు కొన్నారు, ఎంతకు అమ్మారు అన్నది అమ్మకం వారీగా అందులో నింపాలి. కోత పడిన టి.డి.ఎస్. వాపసు రావాలన్నా రిటర్ను వేయక తప్పదు. సంవత్సరంలో మూడు వేల అమ్మకాలు చేసిన బాటుకు ఆ పట్టికలో మూడు వేల వరుసలు. అవి బాట్ నింపదు.