పరికిణీ చెప్పిన పనిముట్టు

మా వసారాలో ఉయ్యాల బల్ల కీచుమంటోంది. కొక్కెం దగ్గర బుష్ అరిగిపోయింది. ఇనుప గొట్టంలోంచి కొత్త ముక్క కోశాను. లోపలి బెజ్జం 20 మిల్లీమీటర్లు. అందులో దూరాల్సిన సీల మాత్రం దిగనంటోంది.

"సుత్తితో కొట్టెయ్యి తాతయ్యా" అంది మనవరాలు.

"ఆగమ్మా, కాస్త దూది తెచ్చి అంచు మీద రాయి."

రాసింది. పోగులు అక్కడక్కడా చిక్కుకున్నాయి.

"అదే బర్. అరటికాయ కోస్తే అడుగున తోలు చీలికగా వేలాడదూ? రంపం కింద ఇనుమూ అంతే. చివరి పలుచని పొర తెగకుండా పక్కకి వంగిపోతుంది."

ఆకురాయితో గీకితే బర్ పోతుంది గానీ లోపల గాట్లు పడతాయి. అందుకని 6 మిల్లీమీటర్ల కడ్డీ అరజానెడు తీసుకున్నాను. పొడుగైతే తిరిగేటప్పుడు ఊగి వంగిపోతుంది. ఒక కొనని హాక్సాతో నిలువునా అంగుళం పైచిలుకు చీల్చి, చీలిక అంచులు మొద్దుచేశాను. అంగుళం వెడల్పు ఎమరీ గుడ్డ పట్టీని అందులో దూర్చి, గరుకు పైకి ఉండేలా చుట్టాను. కాగితమైతే ఇట్టే చిరుగుతుంది. చుట్ట బెజ్జం కన్నా పిసరంత లావుండాలి.

"ఎటు చుట్టాలి?"

"నువ్వు పరిగెడితే జడ ఎటు ఎగురుతుంది?"

"వెనక్కి."

"పట్టీ కొసా అలాగే వెనకబడి రావాలి. ఒకసారి తిరగేసి చుట్టాను. కొస బెజ్జం గోడకి తన్నుకుని గుడ్డంతా పీలికలైంది."

జడ ముడేయించి, కళ్లద్దాలు పెట్టించాను. తిరిగే పనిముట్టు దగ్గర చేతి తొడుగులు వద్దు, లాక్కుపోతుంది. బుష్‌ని వైస్‌లో, కడ్డీ రెండో కొనని డ్రిల్లులో బిగించి, చుట్టని బెజ్జంలో పెట్టాకే డ్రిల్లు నొక్కాను.

"గిరగిరా తిరిగితే నీ పరికిణీ గొడుగులా విచ్చుకుంటుందే, ఇక్కడా అదే. తిరిగేది ఏదైనా తిన్నగా పోవాలనే చూస్తుంది. పట్టీకి గోడ అడ్డం, అందుకే గోడని నొక్కుతుంది. వేగం రెట్టింపైతే ఆ తోపు నాలుగింతలు. కాబట్టి మెల్లగా మొదలుపెట్టాలి."

ముందు పీ 120 నంబరు ఎమరీ. దాని రేణువు మిల్లీమీటరులో సుమారు 8వ వంతు. తర్వాత పీ 400. దాని రేణువు వెంట్రుక మందంలో సుమారు సగం. చుట్టని ముందుకీ వెనక్కీ ఆడిస్తూ ఉండాలి. అప్పుడు గీతలు ఒకదాన్నొకటి దాటుతాయి, ఆ సందుల్లో నూనె నిలుస్తుంది. అంచు దగ్గరే ఆపితే బెజ్జం నోరు సన్నాయిలా వెడల్పవుతుంది. ఇది నునుపు చేస్తుందే గానీ వంకర తీయదు.

మళ్లీ దూది రాసింది. ఈసారి జారిపోయింది. వెంటనే సీల అందుకుంది.

"అప్పుడే కాదమ్మా. లోపల రేణువులున్నాయి. మనం ఆపినా అవి ఆపవు, ఊగినప్పుడల్లా సీలని తింటూనే ఉంటాయి."

సబ్బునీళ్లతో కడిగి, తెల్లగుడ్డ దూర్చి లాగింది. నల్లగా వచ్చింది. మళ్లీ లాగింది. నాలుగో గుడ్డ తెల్లగా వచ్చాకే నూనె సీసా చేతికిచ్చాను.