ఎర్రదీపం వెలిగిందా, హీరోగారూ?

వెండితెర మీద హీరో టాపు లేని కారులో రివ్వున దూసుకొస్తే హాలంతా ఈలలే! ఆ మోజు ఇంటిదాకా వస్తే? మాచర్లలో మా మిత్రుడికి వచ్చింది. ఎక్కడో మూలపడున్న పాత స్టాండర్డ్ హెరాల్డ్‌ని కొనుక్కొచ్చాడు. 1961లో మద్రాసులో తయారీ మొదలైన బండి అది. దాని 948 సీసీ ఇంజనూ, విదేశాల్లో కుర్రకారుని ఊపేసిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారు ఇంజనూ ఒకే వంశం. మరి ఆమాత్రం గర్వం ఉండదూ!

"నా రాణికి కొత్తకార్ల ఆయిలే!" అంటూ ఖరీదైన 5డబ్ల్యూ-30 పోయించాడు. మే నెల మిట్టమధ్యాహ్నం గురజాల బయల్దేరాం. దారిలో రెంటచింతల. అక్కడ ఎండ 45 డిగ్రీలు దాటినా ఎవరూ వింతగా చూడరు! సోడా కోసం ఆపామో లేదో, డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ ఎర్రదీపం మిణుకు మిణుకు! గభాల్న ఇంజను ఆపేశాం.

తర్వాత బండి చూసిన నరసరావుపేట ముసలి మెకానిక్ నవ్వాడు. "ఖరీదు కాదు బాబూ, చిక్కదనం చూడాల!"

ఆ అంకెల గుట్టు తేలికే. 'డబ్ల్యూ' అంటే వింటర్. దాని ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎలా పారుతుందో చెబుతుంది. చివరి అంకె 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. నెయ్యి వేడికి నీళ్లలా మారదూ? ఆయిలూ అంతే. పాత ఇంజన్లో బేరింగుల సందులు అరిగి పెద్దవవుతాయి. పల్చటి ఆయిల్ వాటిలోంచి జారిపోతే ప్రెషర్ పడిపోతుంది. పైగా కొత్తకార్ల పల్చటి పెట్రోల్ ఆయిళ్లలో క్యామ్‌నీ, ట్యాపెట్లనీ కాపాడే జింక్ మందు తగ్గించారు, సైలెన్సర్ దారిలోని కేటలిటిక్ కన్వర్టర్ పాడవకుండా. హెరాల్డ్‌కి ఆ కన్వర్టరే లేదు!

అందుకే మన ఎండలకి ఇలాంటి పాత బండికి 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్ నప్పుతుంది. అలాగని మరీ జిగురుగా ఉండేది పోస్తే, పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు పైభాగాలకి ఆలస్యంగా చేరి అరుగుదల పెరుగుతుంది. బండి పుస్తకం దొరికితే అందులో మాటే వేదం.

మావాడు ఆయిల్ మార్చాడు, దీపం ఆరింది. ఆరకపోయుంటే? బేరింగులు విప్పాల్సిందే. ఆ బండి తయారీ ఆగి ఏళ్లయింది. స్పేర్‌పార్టుల కోసం ఊళ్లు తిరగాలి!

సినిమాలో కారు పేలిపోతే మరుసటి సీన్లో హీరోకి ఇంకోటి వస్తుంది. మనకొచ్చేది మెకానిక్ బిల్లే సుమా!