1,113 బంతులు

2025 ఆగస్టు 3. లండన్‌లోని ఓవల్ మైదానంలో భారత్, ఇంగ్లండ్ టెస్టు సిరీస్ చివరి మ్యాచ్. ప్రసిద్ధ్ కృష్ణ వేసిన బంతిని హ్యారీ బ్రూక్ గాల్లోకి లేపాడు. బౌండరీ దగ్గర మహమ్మద్ సిరాజ్ దాన్ని చక్కగా అందుకున్నాడు, కానీ అదే ఊపులో కాలు వెనక్కి పడి తాడును తాకింది. వికెట్ రావలసిన చోట సిక్సర్ వచ్చింది. అప్పటికి 19 మీద ఉన్న బ్రూక్ 111 కొట్టి గానీ పోలేదు. 374 లక్ష్యం ఇంగ్లండ్‌కు అందేంత దూరంలోకి వచ్చేసింది.

మర్నాడు పొద్దున వాళ్లకు కావలసింది 35 పరుగులే, చేతిలో 4 వికెట్లున్నాయి. సిరాజ్ జేమీ స్మిత్‌ను కీపర్ క్యాచ్‌తో పంపాడు, ఓవర్టన్‌ను ఎల్బీ చేశాడు. జోష్ టంగ్‌ను ప్రసిద్ధ్ బౌల్డ్ చేశాక, భుజం దెబ్బతిన్న క్రిస్ వోక్స్ ఒక చేతిని స్వెటర్ లోపల కట్టుకుని బ్యాటుతో దిగాడు. ఇంకొక్క సిక్సర్ పడితే స్కోర్లు సమం. అట్కిన్సన్‌కు సిరాజ్ యార్కర్ వేశాడు, ఆఫ్ స్టంప్ లేచిపోయింది. 6 పరుగుల గెలుపు. పరుగుల లెక్కన టెస్టుల్లో మన జట్టుకు ఇంత తక్కువ తేడాతో వచ్చిన విజయం మరొకటి లేదు. సిరీస్ 2-2తో సమమైంది.

ఆ యార్కర్ ఆ సిరీస్‌లో సిరాజ్ వేసిన 1,113వ బంతి. వేగం గంటకు 143 కిలోమీటర్లు. అయిదు టెస్టులూ ఆడి, 185.3 ఓవర్లు వేసి, 23 వికెట్లు తీశాడు. రెండు జట్లలోనూ అవే అత్యధికం. శరీరం మీద భారం చూసుకుంటూ మన ప్రధాన ఫాస్ట్ బౌలర్ బుమ్రా మూడు టెస్టులకే పరిమితమైన సిరీస్ అది. ఎడ్జ్‌బాస్టన్‌లో బుమ్రా లేని మ్యాచ్‌లో సిరాజ్ 70 పరుగులకు 6 వికెట్లు తీశాడు. ఓవల్‌లోనూ బుమ్రా లేడు, అక్కడ మొత్తం 9 తీశాడు.

ఈ భారం ఎంతటిదో తెలియాలంటే ఒకసారి అమెరికా వైపు చూడాలి. అక్కడి ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో ఆట మొదలుపెట్టే పిచ్చర్ దాదాపు 100 బంతులు విసిరేసరికి అతణ్ని తప్పిస్తారు. మళ్లీ బంతి ఇవ్వడం నాలుగైదు రోజుల విశ్రాంతి తర్వాతే. ఇంత జాగ్రత్త పడ్డా చేతులు దెబ్బతింటూనే ఉంటాయి. లలిత అనే భారతీయ మూలాలున్న తల్లికి పుట్టిన కుమార్ రాకర్ అనే పిచ్చర్‌ను 2022 డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త ఆటగాళ్ల ఎంపికలో, టెక్సాస్ రేంజర్స్ జట్టు మూడో ఎంపికగా తీసుకుంది. మరుసటి ఏడాదే అతని మోచేతికి పెద్ద ఆపరేషన్ జరిగింది. పెద్ద లీగ్‌లో తొలి మ్యాచ్ ఆడేసరికి 2024 సెప్టెంబరు వచ్చింది. పిచ్చర్ నిలబడ్డ చోటు నుంచే విసురుతాడు. ఫాస్ట్ బౌలర్ ప్రతి బంతికీ పరుగెత్తుకుంటూ వచ్చి, ఒంటి బరువుకు కొన్ని రెట్ల తాకిడిని ముందుకాలి మీద మోస్తాడు. ఓవల్‌లో ఆ చివరి పొద్దున కూడా సిరాజ్ వేగం తగ్గలేదంటే, దాని వెనక ఎన్నేళ్ల కష్టం ఉందో ఆలోచించండి.

మనం మాత్రం సిరాజ్ పేరెత్తగానే ఆటో డ్రైవర్ కొడుకు అనే మాట దగ్గరే ఆగిపోతాం. నిజమే, తండ్రి మహమ్మద్ గౌస్ హైదరాబాద్‌లో ఆటో నడిపి కొడుకు ఆటకు ఖర్చు పెట్టాడు. 2020 నవంబరులో ఆయన కన్నుమూసినప్పుడు సిరాజ్ ఆస్ట్రేలియాలో క్వారంటైన్‌లో ఉన్నాడు. ఇంటికి రాకుండా అక్కడే ఉండిపోయి, మెల్‌బోర్న్‌లో తొలి టెస్టు ఆడి, బ్రిస్బేన్‌లో 5 వికెట్లు తీశాడు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది. అయినా కన్నీళ్ల కథ చెప్పుకుని పనితనాన్ని వదిలేయడం అతనికి అన్యాయం చేయడమే.

సిరాజ్ చేతిలో వాబుల్ సీమ్ అనే బంతి ఉంది. వేళ్లను కాస్త ఎడంగా పెట్టి వదిలితే, బంతి కుట్టు నిటారుగా నిలవకుండా గాల్లో ఇటూ అటూ ఊగుతూ పోతుంది. పిచ్ మీద పడ్డాక లోపలికి వస్తుందో బయటికి పోతుందో బ్యాటర్‌కు తెలియదు, ఒక్కోసారి వేసినవాడికీ తెలియదు. 2023 ఆసియా కప్ ఫైనల్‌లో శ్రీలంకను 50 పరుగులకే కూల్చిన రోజు అతని లెక్క 21 పరుగులకు 6 వికెట్లు, అందులో నాలుగు ఒకే ఓవర్‌లో. 2024 జనవరిలో కేప్‌టౌన్‌లో 15 పరుగులకు 6 తీస్తే దక్షిణాఫ్రికా 55కే కుప్పకూలింది.

ఇంత విద్య ఉన్నవాడు లెదర్ బంతి పట్టిందే ఆలస్యంగా. గల్లీల్లో టెన్నిస్ బంతితో పెరిగి, ఇరవై దాటాకే అసలు బంతికి అలవాటుపడ్డాడు. 2015లో రంజీల్లోకి వచ్చాడు. మరుసటి సీజన్‌లో భరత్ అరుణ్ హైదరాబాద్ కోచ్‌గా ఉన్నప్పుడు 41 వికెట్లు తీసి దేశం కళ్లలో పడ్డాడు. సరైన గురువు దొరికిన ఒక్క సీజన్ చేసిన మేలు అది.

భువనగిరిలో మనం పట్టించుకోవలసింది ఇదే. ఉప్పల్ స్టేడియం మనకు వరంగల్ రోడ్డు మీద గంట ప్రయాణం. ఖిల్లా నీడలో ఆదివారం ఆడే పిల్లల్లో గట్టిగా పరుగెత్తి వేసేవాళ్లకు కొదవ లేదు. వాళ్ల చేతిలో ఉన్నది మాత్రం 60 గ్రాములైనా లేని టెన్నిస్ బంతి. క్రికెట్ బంతి దాదాపు 160 గ్రాములుంటుంది, దానికి కుట్టు ఉంటుంది. టెన్నిస్ బంతితో వేగం రావచ్చు గానీ సీమ్ రాదు, ఆ బరువుకు భుజమూ అలవాటు పడదు. ఇరవై ఏళ్లు దాటాక మొదలుపెట్టి సిరాజ్ నెగ్గుకొచ్చాడు. అలా నెగ్గుకురాలేక వెనకే ఉండిపోయినవాళ్లు ఎందరో.

శిక్షణ ఏం చేయగలదో ఈ ఊరికి వేరే చెప్పాలా? 2014 మే 25న పదమూడేళ్ల మలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది. గురుకులంలో చదివిన ఆ పేదింటి పిల్ల రాయి ఎక్కడం నేర్చుకున్నది మన ఖిల్లా ఉన్న గుట్ట మీదనే. తాళ్లున్నాయి, నేర్పేవాళ్లున్నారు, అందుకే ఎక్కింది. బౌలింగ్ చేసే పిల్లలకు కావలసింది అంతకన్నా తక్కువే. పద్నాలుగేళ్లకే చేతికి లెదర్ బంతి, జిల్లాకు ఒక మంచి టర్ఫ్ పిచ్, అది కుదిరేదాకా కనీసం మ్యాట్ పరిచిన పిచ్. వారానికి ఎన్ని ఓవర్లు వేశారో రాసిపెట్టి, ఇక చాలు, ఇంటికి పో బిడ్డా అని ఆపే కోచ్ ఒకరు.