రజత పరీక్ష

తెలుగువారి ఇళ్ళలో వెండికి విశిష్టమైన స్థానం ఉంది. పసిబిడ్డ అన్నప్రాశనకు వెండి గిన్నె, పెండ్లికూతురి కాలికి మట్టెలు, దేవుని ముందు వెండి కుందులు - ఇలా ప్రతి శుభకార్యంతోనూ ఈ తెల్లని లోహం పెనవేసుకొని ఉంది. అది అలంకారం మాత్రమే కాదు, ఆపదలో ఆదుకొనే ధనం కూడా. బంగారం కొనే స్తోమత లేని సామాన్యుడు తన కష్టార్జితంలో కొంత మిగిల్చి వెండి నాణేలు, కడ్డీలు కొని దాచుకొంటాడు.

అయితే నకిలీ వెండి కొన్ననాడు బయటపడదు. అమ్మబోయిన నాడు బయటపడుతుంది. ఆ రోజు సాధారణంగా బిడ్డ చదువుకో, వైద్యానికో డబ్బు అత్యవసరమైన రోజు అవుతుంది. అప్పుడు తెలిసిన నిజం వల్ల ప్రయోజనం లేదు. కనుక పరీక్ష కొనేటప్పుడే జరగాలి.

లోహాల విషయంలో మోసం నేటిది కాదు. స్వర్ణకారుల పనిపై ఉండవలసిన పర్యవేక్షణను కౌటిల్యుని అర్థశాస్త్రం వివరంగా చర్చించింది. లోహాన్ని అపహరించే ఉపాయాలు అయిదని పేర్కొన్నది. త్రాసులో చేసే మోసం తులావిషమం. లోపల హీనమైన లోహాన్ని ఉంచి పైన మేలిమి లోహాన్ని కప్పడం పేటకం. సీసానికి బంగారు రేకు తొడగడం ఇందుకు ఉదాహరణ. ఇటువంటి వస్తువును కాల్చి, గీటురాయిపై ఒరసి, మోత విని, గీరి చూసి కనిపెట్టాలని ఆ గ్రంథం చెబుతుంది. ఒక పరీక్షతో సరిపెట్టక నాలుగింటిని చెప్పడం గమనింపదగినది.

నేటి మోసాలు ప్రధానంగా మూడు విధాలు. మొదటిది, వెండి లేని లోహాన్ని వెండిగా అమ్మడం. జర్మన్ సిల్వర్‌లో ఉండేవి రాగి, నికెల్, జింకు మాత్రమే. పేరులో తప్ప అందులో వెండి లేదు. రెండవది, రాగి, ఇత్తడి, సీసం వంటి లోహాలకు వెండి పూత పూయడం. మూడవది, వెండినే అమ్ముతూ దాని స్వచ్ఛతను ఎక్కువ చేసి చెప్పడం.

తెల్లనివన్నీ పాలు అనుకొనేవారు మొదటి మోసానికే లోబడతారు. మెరుపు వెండికి సాక్ష్యం కాదు. నలుపు నకిలీకి సాక్ష్యమూ కాదు. గాలిలోని గంధకపు సమ్మేళనాలతో కలిసి అసలు వెండి కూడా క్రమంగా నల్లబడుతుంది. అంచులు అరిగినచోట ఎర్రని రాగి ఛాయ గాని, పసుపుపచ్చని ఇత్తడి ఛాయ గాని కనిపిస్తే మాత్రం అది పూత అని సందేహించాలి.

ఇంటిలో చేయదగిన పరీక్షలలో సాంద్రత పరీక్ష మేలైనది. ఒక ఘన సెంటీమీటరు వెండి 10.49 గ్రాములు తూగుతుంది, రాగి 8.96, సీసం 11.34 గ్రాములు తూగుతాయి. సున్నితమైన ఎలక్ట్రానిక్ త్రాసుపై నీటి గిన్నె ఉంచి, అంకెను సున్నాకు తేవాలి. 100 గ్రాముల కడ్డీని సన్నని దారంతో కట్టి, గిన్నె అడుగుకు, అంచులకు తగలకుండా నీటిలో పూర్తిగా ముంచి పట్టుకోవాలి. అది తొలగించిన నీటి బరువును త్రాసు చూపుతుంది. స్వచ్ఛమైన వెండి అయితే ఆ అంకె సుమారు 9.5 గ్రాములు, రాగి అయితే 11.2, సీసమైతే 8.8.

అయినా ఇది ఒక్కటే చాలదు. బరువైన సీసాన్ని తేలికైన లోహంతో తగు పాళ్ళలో కూర్చి వెండి సాంద్రతకు దగ్గరగా తేవచ్చు. అప్పుడు అయస్కాంతం తోడ్పడుతుంది. వెండిని అయస్కాంతం ఆకర్షించదు. కడ్డీ అంటుకొంటే లోపల ఇనుము ఉన్నట్లే. అంటుకోకపోతే, మందమైన కడ్డీని ఏటవాలుగా ఉంచి దానిపై బలమైన నియోడిమియం అయస్కాంతాన్ని జారవిడవాలి. వెండి ఉత్తమ విద్యుద్వాహకం కనుక, అయస్కాంతపు కదలిక వల్ల దానిలో పుట్టే విద్యుత్ ప్రవాహాలు ఆ కదలికనే నిరోధిస్తాయి; అయస్కాంతం నెమ్మదిగా జారుతుంది. సీసం మీద త్వరగా జారిపోతుంది. రాగి మీద కూడా నెమ్మదిగానే జారుతుంది గాని, రాగి సాంద్రత పరీక్షలో దొరికిపోతుంది. ఒక పరీక్షను తప్పించుకొన్న నకిలీ మరొక పరీక్షకు చిక్కుతుంది. పరీక్షలను జోడించడంలోని ఫలితం ఇదే.

మూడవ విధమైన మోసం ఇంటి పరీక్షలకు అందదు. నూటికి 80 పాళ్ళు వెండి, తక్కినది రాగి అయిన వస్తువుకు, 92.5 పాళ్ళు వెండి గల వస్తువుకు సాంద్రతలో తేడా స్వల్పం. 100 గ్రాములకు తొలగే నీటి బరువులో అది సుమారు అయిదవ వంతు గ్రాము మాత్రమే. దుకాణాలలోని ఎక్స్‌రే యంత్రం స్వచ్ఛతను చెప్పగలదు గాని, అది చూసేది పై పొరనే; దళసరి పూత దానిని కూడా భ్రమింపజేస్తుంది. సందేహం తీరాలంటే చిన్న తునక తీసి రసాయన విశ్లేషణ చేయించాలి.

అందరూ ఇంత శ్రమ పడలేరు కనుకనే హాల్‌మార్క్ ఏర్పడింది. భారతీయ ప్రమాణాల బ్యూరో వెండికి 2005లో దీనిని ప్రవేశపెట్టింది. వెండి నగలకు, వస్తువులకు ఆరు అక్షరాంకెలతో కూడిన ప్రత్యేక గుర్తింపు సంఖ్య 2025 సెప్టెంబరు 1 నుండి అమలులోకి వచ్చింది. ఆ సంఖ్యను బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. ముద్రలోని 925 అంటే వెయ్యి పాళ్ళలో 925 పాళ్ళు వెండి అని అర్థం. బంగారానికి వలె వెండికి ఈ ముద్రను నిర్బంధం చేయలేదు. కనుక అడిగి తీసుకోవలసిన బాధ్యత కొనుగోలుదారునిదే. కడ్డీ అయితే తయారీదారు ముద్ర, వరుససంఖ్య, బరువు, స్వచ్ఛత చూడాలి. అవన్నీ రసీదులో నమోదయ్యేలా జాగ్రత్తపడాలి. మూసిన పొట్లం, ముద్రించిన ధ్రువపత్రం కూడా నకిలీవి కావచ్చు కనుక అమ్మేవారి విశ్వసనీయత ముఖ్యం. ఆనాటి వెండి ధర కంటె బాగా తక్కువకు ఇస్తామన్నవారిని మరింత శ్రద్ధగా పరీక్షించాలి. నష్టానికి వెండి అమ్మే వర్తకుడు ఉండడు.

వస్తువు విలువను నిర్ణయించే ప్రమాణానికి తెలుగులో 'గీటురాయి' అనే మాట స్థిరపడింది. లోహాన్ని ఒరసి చూసే రాయి పేరే అన్ని పరీక్షలకూ పేరైంది. పరీక్షించి చూడమని అడగడం వర్తకుని అవమానించడం కాదు. నిజాయితీగల వర్తకుడు దానికి వెనుకాడడు. చెమటోడ్చి కూడబెట్టిన ధనాన్ని లోహంగా మార్చేవారికి ఆ కొద్దిపాటి నిదానమే రక్ష.