గోదావరి కిరుగడల మేళగాండ్రు

మేళము అను మాటకు తెలుగున రెండర్థములు కలవు. కలయుట యనునది యొకటి. వాద్యకారుల కూటమి యనునది వేరొకటి. పెండ్లియింట మేళమును కుదుర్చుకొంటిమని చెప్పునపుడు మనకు రెండవ యర్థమే తోచును గాని, మొదటిది దాని వెనుకనే నిలిచియుండును. ఎంత గొప్ప విద్వాంసుడైనను ఒంటరిగా నిలిచినచో గాయకుడు కావచ్చును, వాదకుడు కావచ్చును. మేళము మాత్రము కానేరడు.

ఈ మాటలోని నిజము తెలియవలెనన్న ఉత్తర తెలంగాణమును చూడవలెను. అచ్చట గోదావరి రెండు సీమలను వేరుచేయుచు ప్రవహించును. దక్షిణపు గట్టున కరీంనగరము, ఉత్తరపు గట్టున ఆదిలాబాదు. 2016 అక్టోబరులో ఈ రెండు జిల్లాలును పెక్కు జిల్లాలుగా విభజింపబడినవి. అయినను పాటను గూర్చి మాటలాడునపుడు ఆ పాత పేర్లే నోటికి వచ్చును. దక్షిణపు గట్టున ఒగ్గు మేళము కలదు. ఉత్తరపు గట్టున గోండుల దండారి మేళము కలదు. ఒకటి కథ చెప్పును. రెండవది ఆట ఆడించును. పద్ధతులు వేరు, భాషలు వేరు, దేవతలు వేరు. కాని రెండింటియందును ఒక నియమము సమానము. ఏ ఒక్క వాద్యమును తానై నడువజాలదు; ఏ ఒక్కటి లోపించినను తక్కినవి నిలువజాలవు.

ఒగ్గు అనగా డమరుకము, శివుని చేతి వాద్యము. దానిని మ్రోగించుచు చెప్పుకథ గనుక ఒగ్గుకథ యని పేరు వచ్చినది. కురుమ, గొల్ల కులములకు చెందిన ఒగ్గు పూజారులు ఈ విద్యకు వారసులు. బీరప్ప కథ, మల్లన్న కథ, ఎల్లమ్మ కథ వీరి నోట ముఖ్యమైనవి. వీరు కథకులు మాత్రమే కారు. ఓదెల, కొమురవెల్లి మొదలగు మల్లన్న క్షేత్రములందును, భక్తుల యిండ్లముందరను పసుపు, కుంకుమ, బియ్యపుపిండి మొదలగు పొడులతో పట్నము వేసి దేవునికి పూజ జరుపువారును వీరే. పూజ ముగియునప్పటికి కథ మొదలగును. కథ ముగియునప్పటికి ఒక్కొక్కచోట తెల్లవారును.

మేళములో ప్రధాన కథకుడు ముందు నిలుచును. అతని ప్రక్కన వంతగాడు, వెనుక డోలుకాండ్రు, తాళములు పట్టువారు నిలుతురు. కొన్ని మేళములలో నపీర యను ఊదు వాద్యమును ఉండును. కథకుడే కథ నంతయు చెప్పుచున్నట్లు మనకు తోచును గాని, తరచి చూచినచో అది నిజము కాదు. వంతగాడు ప్రశ్న వేయనిదే కథ ముందుకు సాగదు. అతడు సభలో కూర్చున్న మనకు ప్రతినిధి. మనకు కలిగిన సందేహమును అతడు అడుగును. మనకు వచ్చిన నవ్వును అతడు నవ్వును. మరుక్షణమున అతడే రాణి యగును, మంత్రి యగును, గొఱ్ఱెల కాపరి యగును. వేషము మార్చుటకు తెరచాటు లేదు. భుజముమీది కండువా తలమీదికి వచ్చినచో పాత్ర మారినట్లే.

డోలు పెద్ద వాద్యము. ఒక వైపున పుల్లతోను, వేరొక వైపున చేతితోను దానిని వాయింతురు. కథకుడు వచనము విడిచి రాగమెత్తుకొనునపుడు ఆ మాట చివరి అక్షరము ఎచ్చట వ్రాలునో డోలుకాడు ముందే పసిగట్టవలెను. అతని ముందు వ్రాతప్రతి యుండదు, స్వరలిపి యుండదు. కథకుని ఊపిరియే అతనికి గుర్తు. యుద్ధఘట్టమున డోలు ముందుకు దూకును. దుఃఖఘట్టమున వెనుకకు తగ్గి, నేలలో ఉరుమువలె సన్నగా వినబడును. ఇక తాళములు చూచుటకు మిక్కిలి చిన్నవి. వానిని పట్టినవాని పేరు ఊరిలో ఎవ్వరును అడుగరు. కాని కథకుడును, డోలుకాడును, వంతగాడును, ముగ్గురును చెవియొగ్గి వినునది ఆ తాళమునే. అది తప్పినచో మేళమంతయు తప్పును.

ఈ మర్మము మన పల్లెలకే పరిమితమైనది కాదు. భూమికి ఆవలి వైపున, క్యూబా ద్వీపమున, క్లావే అను రెండు గట్టి కఱ్ఱముక్కలు కలవు. వానిని ఒకదానితో నొకటి తాకించి ఐదు దెబ్బలను ఒక వరుసలో మరల మరల పలికింతురు. కాంగా, బోంగో, టింబాలె మొదలగు వాద్యములన్నియు ఆ ఐదు దెబ్బలకు ఒదిగి నడువవలెను. కఱ్ఱలు మ్రోగని పాటలో సైతము ఆ లెక్క వాద్యకారుల మనసులలో మ్రోగుచునే యుండును. 1940లో మాచీతో అను గాయకుడు న్యూయార్కు నగరమున ఆఫ్రో-క్యూబన్స్ అను మేళమును నెలకొల్పెను. ఆ మేళమునకు సంగీత నిర్వాహకుడు మారియో బౌజా. ఆయన 1943లో కూర్చిన ‘టాంగా’ అను రచన లాటిన్ జాజ్ అను నూతన సంగీతమునకు తొలిమెట్టని చెప్పుదురు. 1947లో చానో పోసో అను క్యూబా వాద్యకారుడు డిజ్జీ గిలెస్పీ యొక్క జాజ్ బృందమున చేరి, అచ్చట కాంగాకు ఒక స్థానమును సంపాదించెను. ఆ సంగీతమునను ముందు ఒకడు పాడును. వెనుకనున్నవారు వంత పాడుదురు. మన ఒగ్గువారికిని వారికిని పరిచయము లేదు, చుట్టరికము లేదు. అయినను పదిమంది కలిసి ఒక పాట కావలెనన్న, అందఱును లోబడు చిన్న వాద్యమొకటియు, పిలుపునకు బదులిచ్చు గొంతుకయు అవసరమని రెండు దేశములవారును వేర్వేఱుగా కనుగొనిరి.

కరీంనగర సీమలో వేములవాడకు చేరువ హన్మాజీపేట యను గ్రామము కలదు. 1931లో సి. నారాయణరెడ్డి ఆ గ్రామముననే జన్మించెను. ఆయన కావ్యమునకు 1988వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము లభించినది. ఒగ్గుకథకు పల్లె పొలిమేరలు దాటిన కీర్తి తెచ్చిన మిద్దె రాములు సైతము ఆ గ్రామమువాడే. ఆయన 2010లో మరణించెను. ఒకే మట్టినుండి ఇద్దఱు శబ్దశిల్పులు వెలసిరి. కాని వారి విద్యల గతులు వేఱు. కవి పోయినను కావ్యము గ్రంథాలయమున నిలిచియుండును; విద్యార్థి దానిని ఒంటరిగా కూర్చుండి చదువుకొనవచ్చును. ఒగ్గుకథ అట్లు కాదు. మిద్దె రాములు గొంతు ధ్వనిముద్రికలో మిగులవచ్చును. కాని ఆ కథ మరల బ్రతుకవలెనన్న వేఱొక కథకుడును, అతనికి బదులు చెప్పు వంతగాడును, వారి ఊపిరి నెఱిగిన డోలుకాడును, తాళము తప్పనివాడును ఒకే రాత్రి ఒకేచోట నిలువవలెను.

ఇక గోదావరి దాటి ఉత్తరమునకు పోవుదము. ఆ నదీజలము ప్రతి సంవత్సరము మనకంటె ముందే ఆ త్రోవను నడచుచున్నది. పుష్య అమావాస్యనాడు కేస్లాపూరులో జరుగు నాగోబా జాతరకు మెస్రం వంశీయులు గోదావరినుండి కాలినడకన నీరు తెత్తురు. ఆ పూజ గోండులది. కాని ఆ వంశపు పుట్టుకను, దేవుని చరిత్రను పాడువారు గోండులు కారు; పర్ధానులు.

ఇది విచిత్రమైన ఏర్పాటు. రాజగోండులు నాలుగు సగలుగా, అనగా ఏడుగురు, ఆరుగురు, ఐదుగురు, నలుగురు అన్నదమ్ముల సంతతులుగా విభజింపబడియున్నారు. ఏ సగ ఎట్లు పుట్టినది, ఏ దేవుని కొలువవలెను అను కథలను పర్ధాను గాయకులు తరతరములుగా కాపాడుచు వచ్చిరి. ఆదిలాబాదు పర్ధానుల యింటిభాష మరాఠీ, పాడునది గోండీ. వీరివలెనే తోటి యను తెగవారును గోండులకు గాయకులు. తోటి స్త్రీలు పచ్చబొట్టు పొడుచుటలో నేర్పరులు. గోండు కుటుంబమునకు తన పర్ధాను కుటుంబ మేదో తెలియును. పర్ధానుకు తన దాత యెవరో తెలియును. ధాన్యము, వస్త్రములు, పశువులు కానుకలుగా ఒకవైపునుండి వచ్చును; వంశచరిత్ర వేఱొకవైపునుండి వచ్చును. ఒక జాతి తన జ్ఞాపకమును ఇరుగువారి గొంతులో దాచుకొనుట ఎంతటి నమ్మకము!

ఆ గాయకుని చేతివాద్యము కిక్రి. మూడు తీగెలు గల ఈ వాద్యమును కమానుతో పలికింతురు. దానికి తోడు పెప్రె యను సన్నాయివంటి వాద్యమును, డోలును ఉండును. కిక్రి గొంతును అనుసరించును. పెప్రె ఆరుబయట దూరమునకు వినిపించును. డోలు కాళ్ళను కదిలించును. పేర్సాపేన్ పూజలో ఈ గాయకులు లేనిచో ఆ క్రతువే పూర్తి కాదు.

ఆశ్వయుజ పూర్ణిమనుండి దీపావళివఱకు గోండు గూడెములలో దండారి నడుచును. ఇరువదినుండి నలుబదిమంది వఱకు గల దళము ఒక ఊరినుండి వేఱొక ఊరికి అతిథులై పోవును. వారిలో కొందఱు గుస్సాడీ వేషధారులు. నెత్తిని నెమలియీకల కిరీటము, ఒంటినిండ బూడిద, భుజమున జంతుచర్మము, చేతిలో కఱ్ఱ; ఆ రూపమును ఒకసారి చూచినవారు మఱువజాలరు. చిత్రకారులును, ఛాయాగ్రాహకులును ఆ కిరీటమునే చూపుదురు. దాని వెనుక దప్పు, తుడుము, పెప్రె, కాలికోము మ్రోగుచుండును. ఆ వాద్యకారులు బొమ్మలో అంచుననైనను కనబడుట అరుదు.

మార్లవాయి గ్రామమునకు చెందిన కనకరాజు ఈ గుస్సాడీ నృత్యమునకు దేశమంతట పేరు తెచ్చెను. 2021లో ఆయనకు పద్మశ్రీ లభించినది. 2024 అక్టోబరులో ఆయన మరణించెను. మార్లవాయి పేరు ఉపాధ్యాయులు మఱువగూడని పేరు. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీము వీరమరణము పొందిన పిమ్మట, నిజాము ప్రభుత్వము గోండుల స్థితిగతులను పరిశీలింప నియోగించిన హైమెండార్ఫ్ పండితుడు ఈ ఊరిలో నివసించెను. 1943లో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చు కేంద్రము ఇచ్చటనే వెలసినది. దేవనాగరి లిపిలో అచ్చయిన గోండీ వాచకములతో పిల్లలు తమ భాషలోనే అక్షరములు దిద్దిరి. ఇంటి భాష బడిలోనికి వచ్చుటకు ఆనాడు ఆ ఊరు త్రోవ చూపినది.

బిరుదు ఒక పేరునకే వచ్చును; అది దాని స్వభావము. అందు తప్పు లేదు. కనకరాజును గౌరవించుటలో గుస్సాడీ గౌరవింపబడినది. కాని మేళమునకు చేటు వచ్చునపుడు అది ముందునిలిచినవానితో మొదలు కాదు, వెనుకనున్నవానితో మొదలగును. కథకుడు కావలెనని, కిరీటము ధరింపవలెనని కోరు బాలురు ఎప్పుడును ఉందురు. పెప్రె ఊదుటకు ఊపిరి సాధనచేయువాడెవడు? పేరు రాని తాళమును రాత్రియంతయు పట్టువాడెవడు? దాతల కానుకలతో బ్రతుకు గడువని పర్ధాను కుమారుడు కూలికి పోయినచో, అతనితో పోవునది ఒక కిక్రి మాత్రమే కాదు. ఒక గోండు వంశము యొక్క చరిత్ర కూడ.

పాఠశాలల వార్షికోత్సవములలో పిల్లలచేత గుస్సాడీ ఆడించుట మంచిదే. అయితే ధ్వనిముద్రిక పెట్టి ఆడించినచో పిల్లలకు అడుగులు వచ్చును గాని మేళము రాదు. యంత్రము ఆటగాని కాలిని చూడదు. అతడు అలసినచో ఆగదు. ఉత్సాహము పొంగినచో వేగము పెంచదు. ఎదుటివానిని చూచి తన దెబ్బను సవరించుకొనుటయే మేళవిద్యలోని మొదటి పాఠము. అది ఎదుటివాడు ఉన్నపుడే నేర్వదగినది. ఊరిలోని డోలుకానిని, పెప్రె ఊదువానిని ఒక పూట బడికి పిలిచి, పిల్లలను వారి ప్రక్కన కూర్చుండబెట్టిన ఉపాధ్యాయుడు గ్రంథములు నేర్పజాలని దానిని నేర్పినవాడగును.

అందులకు పెద్ద ధనము అక్కఱలేదు. ముందుగా విద్యార్థులకు ఒక చిన్న పని చెప్పినచో చాలును. ఈసారి జాతరలో గాని, పండుగలో గాని కథకుని పేరు వ్రాసికొని వచ్చిన పిల్లవానిని మరల పంపవలెను. వంతగాని పేరు, డోలుకాని పేరు అడిగి రమ్మనవలెను. చివరకు తాళములు పట్టినవాని పేరును కూడ వ్రాసికొని వచ్చిననాడు ఆ పిల్లవానికి మేళమనగా నేమో తెలిసినట్లు.