ఉలుకూ పలుకూ లేని అరవై సెకన్లు

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో తరాలుగా తెలుగు వినబడుతోంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ కొలువుల కోసం వెళ్లి అక్కడే స్థిరపడ్డ కుటుంబాలవి. లోకో పైలట్ ఉన్న ఇంట్లో వీసీడీ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఇంజనులోని ఆ విజిలెన్స్ కంట్రోల్ డివైస్‌కు ఎప్పుడూ ఒకటే అనుమానం: డ్రైవరు మెలకువగానే ఉన్నాడా? నాచ్ మార్చక, హారన్ కొట్టక, దాదాపు 60 సెకన్లు గడిస్తే దీపం వెలుగుతుంది. 8 సెకన్లలో బటన్ నొక్కాలి. నొక్కకపోతే మరో 8 సెకన్లు బజర్ మోత. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే బ్రేకులు తనే వేసేస్తుంది.

ఊరికి అటుపక్క హిజ్లీలో 1951 నుంచి ఐఐటీ ఉంది. అక్కడి హాస్టల్లో కూర్చుని ప్రోగ్రాం రాసే కుర్రాడికి ఎదురయ్యే కాపలాదారు కూడా ఈ జాతివాడే. పేరు హార్ట్‌బీట్.

ప్రోగ్రాముల మధ్య ఉత్తరాలు మోసే తపాలా ఆఫీసు లాంటిది మెసేజ్ బ్రోకర్. 2003లో జేపీ మోర్గాన్ బ్యాంకులో జాన్ ఓహారా మొదలుపెట్టిన ఏఎంక్యూపీ నియమాలను అమలు చేస్తూ 2007లో రాబిట్‌ఎంక్యూ వచ్చింది. అవతలివాడు పోయాడో ఉన్నాడో, వాళ్ల మధ్య కనెక్షన్ నడిపే టీసీపీ తొందరగా చెప్పదు. లైనక్స్‌లో దాని కీప్‌అలైవ్ తనిఖీ మేలుకోవడానికే మామూలుగా రెండు గంటలు. అందుకే బ్రోకరూ, దానితో మాట్లాడే ప్రోగ్రామూ, అంటే క్లయింటూ, ఒకరికొకరు చిన్న సంకేతాలు పంపుకుంటారు. అవే హార్ట్‌బీట్‌లు. వాటి కోసం ఎదురుచూసే గడువు రాబిట్‌ఎంక్యూలో ఒకప్పుడు మామూలుగా 580 సెకన్లుండేది, తర్వాత 60కి దిగింది. వీసీడీ లెక్కతో కలవడం కాకతాళీయమే. గడువులో సగానికోసారి సంకేతం వెళ్లాలి. వరసగా రెండు రాకపోతే కనెక్షన్ తెగుతుంది. రసీదు అందని సందేశాలు తిరిగి క్యూలోకి చేరతాయి.

తప్పు వెతకడానికి బ్రేక్‌పాయింట్ పెట్టి, ఒక్కో వేరియబుల్ చూస్తూ కూర్చుంటామా, ప్రోగ్రాంతోపాటు హార్ట్‌బీట్ పంపే థ్రెడ్డూ ఆగిపోతుంది. మనం ఆలోచిస్తున్నాం, బ్రోకర్ కంటికి మాత్రం చచ్చిపోయాం. తిరిగి నడిపిస్తే కనెక్షన్ ఉండదు, అసలు తప్పు వదిలేసి కొత్త తప్పు వెంట పడతాం. ఇందులో బ్రోకర్‌ను తిట్టడం అన్యాయం. నిద్రపోయే డ్రైవరుకీ దీర్ఘాలోచనలో ఉన్న డ్రైవరుకీ తేడా వీసీడీ మాత్రం పట్టగలదా?

మొదటి ఉపాయం డీబగ్గర్‌లోనే ఉంది. ఇంటెలిజే ఎడిటర్‌లో బ్రేక్‌పాయింట్ మామూలుగా అన్ని థ్రెడ్లనూ ఆపుతుంది. ఆ ఒక్క థ్రెడ్డే ఆగేలా మార్చుకుంటే జావా క్లయింట్‌లో హార్ట్‌బీట్ కొట్టుకుంటూనే ఉంటుంది. అది కుదరకపోతే గడువు పెంచాలి. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. రెండు వైపులా అంకెలుంటే చిన్నదే చెల్లుతుంది. ఒక వైపు సున్నా పెడితే రెండోవైపు అంకె నిలుస్తుంది. కాబట్టి క్లయింట్‌లో ఒక్కచోట సున్నా రాసి హాయిగా కూర్చుంటే మళ్లీ 60 సెకన్లే. మార్పు రెండుచోట్లా జరగాలి, అదీ మీ సొంత కంప్యూటర్లో నడిచే బ్రోకర్‌లోనే.

ఇంత చేశాక కూడా, ఇటీవలి వెర్షన్లలో అందుకున్న సందేశానికి 30 నిమిషాల్లో రసీదు ఇవ్వకపోతే ఛానెల్ మూసుకుపోతుంది. ఈలోగా ఓ టీ తాగి రావచ్చు. పని ముగిశాక పాత అంకె తిరిగి పెట్టడం మాత్రం మరవకండి.