అరగంటలో చేప భోజనం: సీసా మీది అక్షరాలు చదివిన తర్వాతే

పనిదినాలలో మగ్రిబ్ నమాజుకు, ఇషా నమాజుకు నడుమ ఉండే సమయం ప్రతి ఇంటిలోనూ ఇరుకైనదే. పిల్లలు పాఠాలు వల్లె వేయాలి, పెద్దలు పగటి అలసట తీర్చుకోవాలి, పొయ్యి మీద అన్నం ఉడకాలి. అటువంటి వేళ చేపల పులుసు తలపెట్టడమంటే చింతపండు నానబెట్టాలి, మసాలా నూరాలి, పులుసు చిక్కబడే దాకా పొయ్యి దగ్గర నిలబడాలి. చివరకు అందరికీ వడ్డించి, ఇల్లాలు ఒంటరిగా చల్లారిన అన్నం ముందు కూర్చుంటుంది. ఈ దృశ్యాన్ని మేము మా ఇంటిలో ఎన్నో ఏండ్లు చూశాము. చూసి కూడా పట్టించుకోలేదని ఒప్పుకోవలసి ఉన్నది.

కొంతకాలంగా మా ఇంటిలో వారానికి ఒక రాత్రి అల్లం, ఉల్లికాడలు, సోయా సాస్‌తో ఆవిరి మీద ఉడికించిన చేప అలవాటయింది. అరగంటలో వంట ముగుస్తుంది, అందరమూ ఒకే సుఫ్రా వద్ద కూర్చుంటాము. ఆ వంటను గురించి, దానిని నేర్చుకొనే క్రమంలో మేము చేసిన ఒక పొరపాటును గురించి పాఠకులతో పంచుకోదలచాము.

వంటకం పుట్టిల్లు

ఈ పద్ధతి దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతానిది. అక్కడివారు తాజా చేపను ఆవిరిపై ఉడికించి, పైన సన్నగా తరిగిన అల్లం, ఉల్లికాడలు పరచి, మరిగే నూనె పోసి, సోయా సాస్‌తో వడ్డిస్తారు. మన పులుసులో పులుపూ కారమూ ముక్కలోకి ఇంకాలి, అందుకే అది మరునాటికి మరింత రుచిగా ఉంటుంది. ఈ వంటకం అలా కాదు. చేప సహజ రుచిని కప్పివేయకపోవడమే దీని ధర్మం. పొయ్యి మీది నుండి దించిన వెంటనే తినాలి. మలేషియాలోని మన సోదరులు కూడా చేపను ఆవిరిపై ఉడికించి నిమ్మరసం, మిరపకాయలతో తింటారు. వారు ‘సియాకప్’ అని పిలిచేది మరేదో కాదు, మన పండుగప్పే.

చేపను ఎంచుకోవడం

ఈ వంటకు తెల్లని కండ గల, కొవ్వు తక్కువైన చేప కావాలి. పండుగప్ప, చందువ, కొరమీను శ్రేష్ఠమైనవి. ఖర్చు తగ్గించుకోదలచినవారు చెరువులలో పెంచే పంగాసియస్‌ను వాడవచ్చు. శీలావతి, బొచ్చె రుచిగలవే గాని వాటి కండలో సన్నని ముళ్లు ఎక్కువ. చిన్నపిల్లలున్న ఇంటిలో ఈ వంటకు అవి అనువైనవి కావు. కన్ను మెరుస్తూ, మొప్పలు ఎర్రగా, వేలితో నొక్కితే కండ తిరిగి పైకి లేస్తూ ఉంటే చేప తాజాదని గుర్తు.

చేపకు జబహ్ అవసరం లేకపోవడం షరీఅత్ మనకు కల్పించిన సౌలభ్యం. హజ్రత్ అబూ ఉబైదా (రజి) నాయకత్వంలో సుమారు 300 మంది సహాబాలు ఆకలితో అలమటిస్తున్నప్పుడు సముద్రం ఒడ్డున ఒక మహా మత్స్యం లభించడం, దైవప్రవక్త (సల్లం) స్వయంగా దాని మాంసం రుచి చూడడం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో నమోదైన వృత్తాంతం. అయితే చేప హలాల్ అయినంత మాత్రాన దాని మీద పోసే ద్రవం కూడా హలాల్ అయిపోదు. మా పొరపాటు అక్కడే జరిగింది.

ఆకుపచ్చ చుక్కను నమ్మి

మొదట్లో మేము ఈ సాస్‌ను ఇంటిలో కలుపుకోలేదు. పని తేలికవుతుందని ఒక దుకాణంలో తయారు సాస్ సీసా కొన్నాము. సీసా మీద ఆకుపచ్చ చుక్క ఉన్నది, ‘శాకాహారమే గదా’ అని తృప్తి పడ్డాము. దానితో రెండు సార్లు వండుకొని తిన్నాము. మూడవసారి మా చిన్నమ్మాయి సీసాను దీపం దగ్గరకు తీసుకొనిపోయి, “అబ్బాజాన్, ఇందులో రైస్ వైన్ అని రాసి ఉన్నదే!” అన్నది. మేము ముప్పయి ఏండ్లుగా పిల్లలకు అక్షరాలు చదవడం నేర్పుతున్నవారము. చేతిలోని సీసా మీది అక్షరాలు మాత్రం చదవలేదు. ఆ రాత్రి సాస్‌ను పారబోసి, గిన్నెలు కడిగి, అల్లాహ్‌ను మన్నింపు వేడుకున్నాము. తెలియక జరిగినదానికి ఆయన క్షమాశీలి. కాని తెలుసుకొనే వీలుండి తెలుసుకోకపోవడం మా నిర్లక్ష్యమే.

ఆకుపచ్చ చుక్క ఆ పదార్థంలో మాంసం లేదని మాత్రమే చెబుతుంది. బియ్యంతో చేసిన మద్యం కూడా ‘శాకాహారమే’ కనుక, మద్యం ఉన్నదీ లేనిదీ ఆ చుక్క వలన తెలియదు. కనుక రైస్ వైన్, కుకింగ్ వైన్, షావోషింగ్, సాకే, మిరిన్ అనే పేర్లు సీసా మీద ఉన్నాయేమో చూడాలి. జపానువారి అసలైన మిరిన్‌లో సుమారు 14 శాతం మద్యసారం ఉంటుంది. ‘వండితే ఆవిరైపోతుంది గదా’ అని కొందరు అంటారు. వంటలో కలిపిన మద్యం పావుగంట ఉడికిన తర్వాత కూడా సుమారు 40 శాతం మిగిలి ఉంటుందని పరీక్షలలో తేలింది. అసలు మద్యాన్ని వంటలో పోయడమే ధర్మసమ్మతం కానప్పుడు, ఎంత మిగిలిందన్న లెక్కతో మనకు పని లేదు.

సోయా సాస్ సంగతి వేరు. సోయా గింజలు, గోధుమలు, ఉప్పు కలిపి నెలల తరబడి పులియబెట్టినప్పుడు స్వల్పంగా మద్యసారం దానంతటదే ఏర్పడుతుంది. మత్తు కలిగించని ఆ స్వల్పాంశాన్ని ఎందరో ఉలమాలు అనుమతించారు, కొందరు దూరంగా ఉండడమే మేలన్నారు. హలాల్ ధ్రువీకరణ గల సీసాలు దొరుకుతున్నాయి కనుక వాటినే ఎంచుకోవడం, సందేహముంటే తమ ముఫ్తీ గారిని అడగడం క్షేమకరం. ఇక ఆయిస్టర్ సాస్ ఆలిచిప్పల జాతి జీవి నుండి తీసినది. హనఫీ మజ్‌హబ్‌లో జలచరాలలో చేప మాత్రమే ధర్మసమ్మతం కనుక, మన ప్రాంతంలోని అధిక సంఖ్యాకులు దానిని విడిచిపెట్టవలసిందే.

వండే విధానం

నలుగురికి 600 గ్రాముల ముల్లు తీసిన పండుగప్ప ముక్కలు, రెండు అంగుళాల అల్లం, నాలుగు ఉల్లికాడలు, రెండు పచ్చిమిరపకాయలు కావాలి. సాస్ కోసం మూడు పెద్ద చెంచాల సోయా సాస్, రెండు పెద్ద చెంచాల నీరు, ఒక చిన్న చెంచా బెల్లం తురుము, అర చెక్క నిమ్మరసం, ఒక చిన్న చెంచా వేయించి దంచిన నువ్వులు సిద్ధం చేసుకోవాలి. వేయించిన నువ్వుల వాసన చైనా నువ్వుల నూనె లేని లోటు తీరుస్తుంది.

ముందుగా ఇడ్లీ పాత్రలో నీరు బాగా మరగనివ్వాలి. ముక్కల తడి తుడిచి, పళ్లెంలో సగం అల్లం తురుము మీద పరచాలి. ఉప్పు వేయరాదు, సోయా సాస్‌లోనే చాలినంత ఉన్నది. పళ్లెం లోపల పెట్టి మూత బిగించి, అంగుళం మందం ముక్కలను ఎనిమిది నుండి పది నిమిషాలు ఉంచాలి. చెంచా మొనతో తాకితే కండ రేకులుగా విడిపోతే ఉడికినట్లే. అంతకు మించితే పీచుగా మారి ఎండిపోతుంది.

చేప ఉడికేలోగా సోయా సాస్, నీరు, బెల్లం చిన్న గిన్నెలో వేడి చేసి, దించిన తర్వాత నిమ్మరసం కలపాలి. పళ్లెంలో ఊరిన నీటిని వంపివేయాలి, నీచు వాసన అందులోనే ఉంటుంది. ముక్కల మీద మిగిలిన అల్లం, ఉల్లికాడలు, మిరపచీలికలు పరచి, రెండు పెద్ద చెంచాల నూనె పొగలు వచ్చేదాకా కాచి జాగ్రత్తగా పోయాలి. చుర్రుమనే ఆ క్షణంలో పిల్లలు దగ్గర లేకుండా చూడాలి. చివర సాస్ పోసి, నువ్వులు చల్లి, వేడి అన్నంతో వడ్డించాలి.

ఒక హెచ్చరిక. ఒక పెద్ద చెంచా సోయా సాస్‌లో సుమారు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పెద్దవారికి రోజంతటికీ 2,000 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. రక్తపోటు ఉన్నవారి ఇంటిలో సాస్ రెండు చెంచాలకు తగ్గించి, నిమ్మరసం పెంచుకోవాలి.

ఒకే సుఫ్రా

దైవప్రవక్త (సల్లం) ఇంటిలో ఉన్నప్పుడు ఇంటివారి పనులలో తోడ్పడేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఈ హదీసును మేము తరగతిలో ఎన్ని సార్లు బోధించామో లెక్క లేదు. ఇప్పుడు ఆ ఒక్క రాత్రి అల్లం తరిగేది మేము, సీసా మీది అక్షరాలు బిగ్గరగా చదివి వినిపించేది మా చిన్నమ్మాయి. మా శ్రీమతి అందరితో పాటు కూర్చొని వేడి అన్నం తింటున్నారు. మొదటి రాత్రి ఆమె రెండు ముద్దలు తిని, “వేడిగా ఉంటే చేప ఇంత బాగుంటుందా!” అన్నారు. ఆ మాటకు మా వద్ద జవాబు లేకపోయింది.